అరగ్రాము ఇంట్లో కాటా

బజార్లో అతన్ని ఎదురుగా ఉన్నప్పుడు మాస్టారు అంటారు. వీధి మలుపు తిరిగాక అరగ్రాము అంటారు. రెండో పేరే ఎక్కువమందికి తెలుసు.

కాటాలు బాగుచేయడం అతని పని. ముప్ఫై ఏళ్ళుగా అదే. భుజాన ఓ తోలు సంచీ, అందులో నాలుగు స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే చిన్న బ్రష్షు, సీసం ముద్ర నొక్కే పట్టకారు, చెక్కపెట్టెలో మఖమలు గుడ్డ మీద వరసగా పడుకోబెట్టిన ఇత్తడి తూకం రాళ్ళు. ఆ రాళ్ళని వట్టి చేత్తో ముట్టుకోడు. చేతి చెమట అంటినా బరువు మారుతుందని గుడ్డతో పట్టుకుంటాడు. కాటా చూశాక అరగ్రాము తేడా కూడా లేకపోతే ముద్ర వేస్తాడు, ఉంటే వెయ్యడు. మధ్యలో మాటల్లేవు.

"అరగ్రాము వస్తున్నాడు, కాటా మీద ఈగ వాలితే తోలండ్రా!" అని కిరాణా కొట్టు షావుకారు గల్లాపెట్టె దగ్గర కూర్చునే కేకేసేవాడు. అతనికి వినపడాలనే కేకేసేవాడు.

"ఈగ సంగతి తర్వాత. పళ్ళెం అడుగున అంటించిన మైనం గోకు ముందు," అనేవాడు అతను, కాటా తిరగెయ్యకుండానే.

"కాస్త మనవైపు మొగ్గేట్టు సర్దకూడదా మాస్టారూ? ఇన్నేళ్ళ పరిచయం."

"కాటాకి మనవైపు, వాళ్ళవైపు ఉండదు. ఉంటే అది కాటా కాదు, మీ బావమరిది."

కొట్లో జనం నవ్వేవాళ్ళు. షావుకారూ నవ్వేవాడు. మైనం గోకేవాడు. మళ్ళీ ఏడాది మళ్ళీ మైనం, మళ్ళీ అదే మాట.

అతని ఇల్లు రెండో అంతస్తులో. రెండు గదులు, ఓ వంటిల్లు, వంటింట్లో గట్టు మీద ఓ తెల్లటి ఎలక్ట్రానిక్ కాటా. భార్య పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఆసుపత్రి దుప్పట్లు తెల్లవారకముందే యంత్రాల్లో పడాలి కాబట్టి ఐదింటికల్లా ఇంట్లోంచి బయటపడుతుంది. కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు ఆమెకి ఈ పొద్దుటి షిఫ్టు వచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో పొద్దుటి తిండి అతని నెత్తిన పడింది.

మొదటి వారం మాడబెట్టాడు. రెండో వారం పచ్చిగా దించాడు. మూడో వారం భార్య లాండ్రీలో తోటి ఆవిడని అడిగి ఓ ఉపాయం పట్టుకొచ్చింది. "ఇది మీకు సరిపోతుందండీ. సాయంత్రమే అన్నీ కలిపి ఫ్రిజ్‌లో పెట్టెయ్యడమే. పొద్దున లేచి ఓవెన్‌లో తొయ్యండి. కాపలా అక్కర్లేదు, కలపడం అక్కర్లేదు. కొలత తప్పకపోతే చాలు."

కొలత తప్పకపోతే చాలన్న వంట అతనికి దొరకడం అదే మొదలు. ఫ్రెంచ్ టోస్ట్‌నే పెనం మీద ముక్క ముక్కగా కాల్చకుండా, ఒకే గాజు ట్రేలో నానబెట్టి కాల్చడం. వాళ్ళింట్లో దానికి పేరు లేదు. ట్రే అంటారు, అంతే. "రేపు ట్రేనా?" "ట్రేనే."

చేసే పద్ధతి ఆరేళ్ళలో ఒక్కసారీ మారలేదు. ముందురోజు బ్రెడ్డు, నాలుగొందల గ్రాములు, బొటనవేలంత ముక్కలు. తాజా బ్రెడ్డు పనికిరాదు, పాలు తగలగానే పిండిముద్ద అవుతుంది. ట్రే అంచులకి వెన్న. ఆరు గుడ్లు, అరలీటరు పాలు, ఎనభై గ్రాముల పంచదార, చెంచాడు దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు. చిటికెడు అంటే ఎంత అని కూతురు అడిగితే తూచి చూపించాడు, ముప్పాతిక గ్రాము. గుడ్లూ పాలూ గిలకొట్టి ముక్కల మీద పోసి, పైన తేలినవాటిని గరిటె వెనకవైపుతో అదిమి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున తీసి చల్లదనం పోయేదాకా గట్టు మీద ఉంచాలి, లేకపోతే వేడికి గాజు పగులుతుంది. ఆ తర్వాత ముప్పావుగంట ఓవెన్‌లో. అంచులు గోధుమరంగు తిరిగి ట్రేని వదిలితే, నడుమ వేలితో తడితే కొంచెం ఊగితే అయినట్టు.

మొదటిరోజే ఓవెన్‌లో పెట్టేముందు తూచాడు, తీశాక తూచాడు. తొమ్మిదేళ్ళ పిల్ల కుర్చీ ఎక్కి అంకెలు చూసింది.

"ఎనభై గ్రాములు తగ్గింది నాన్నా. ఎవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదు. ఆవిరైపోయింది."

"ఇల్లంతా వాసనొస్తోంది కదా, ఆ వాసనేనా ఎనభై గ్రాములు?"

అతను ఆలోచించాడు. "అందులో కొంత," అన్నాడు. తెలియని అంకె చెప్పే అలవాటు లేదు.

పోట్లాటంతా మూలల దగ్గర. మూలముక్కకి రెండువైపులా కరకరలాడే అంచు ఉంటుంది. ట్రేకి నాలుగు మూలలు, ఇంట్లో ముగ్గురు. నాలుగో మూల ఎవరిదన్నది ఆదివారాల్లో ఓ అరగంట నడిచే వ్యాజ్యం. తీర్పు ఎప్పుడూ పిల్ల పక్షానే వచ్చేది.

ఆరేళ్ళ వయసులోనే ఆ పిల్లకి అతను ఇంకో విద్య కూడా నేర్పాడు. ఒకేరకం కొత్త నాణేలు ఐదు ఏరి, ఇత్తడి రాళ్ళతో సరిచూసి, చిన్న రేకు డబ్బాలో వేసి ఇచ్చాడు. "ఇవి ఐదూ కలిపి సరిగ్గా ముప్ఫై గ్రాములు. ఏ కాటా మీద అనుమానం వచ్చినా వీటిని పెట్టు. ముప్ఫై చూపిస్తే నమ్ము. చూపించకపోతే, చెప్పేది ఎవరైనా సరే, నమ్మకు."

"నువ్వు చెప్పినా?"

"నేను చెప్పినా."

పిల్ల ఆ డబ్బా పట్టుకుని బజారంతా తిరిగింది. షావుకారు కాటా మీద ముప్ఫైకి ముప్ఫై ఒకటి వస్తే అందరిముందూ పట్టేసింది. "అరగ్రాము కడుపున పావుగ్రాము పుట్టింది," అన్నాడు షావుకారు. ఆ పేరు అతనికి ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చి భార్యకి రెండుసార్లు చెప్పాడు.

పదిహేనో ఏడు వచ్చాక పిల్ల తినడం తగ్గించింది. ఎప్పుడు మొదలైందో చెప్పగలిగినవాళ్ళు లేరు. తూకాల మనిషి ఇంట్లో మనిషి బరువు తగ్గుతుంటే తూకాల మనిషికే తెలియలేదు. స్నేహితురాలి ఇంట్లో తిన్నానంటే నమ్మారు. ఎండలో పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకుంటే ఫ్యాషన్ అనుకున్నారు. నాలుగో మూల వద్దన్నప్పుడు, పెద్దదవుతోంది, బుద్ధి వచ్చిందనుకున్నారు. ఓరోజు స్కూలు మెట్లమీద కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

"ఇది మొండితనం కాదు, జబ్బు," అంది డాక్టరమ్మ. "తిట్టి తినిపించలేరు, బతిమాలి తినిపించలేరు. కానీ ప్రయత్నం మానకూడదు." ఇంట్లో మనిషి బరువు చూసుకునే మిషన్ ఉంటే తీసెయ్యమంది. తీసేశాడు. ప్రతి సోమవారం ఆసుపత్రిలోనే చూస్తారు, అదీ అంకె పిల్లకి కనపడకుండా, వెనక్కి తిప్పి నిలబెట్టి.

ఇంట్లో మిగిలింది వంటింటి కాటా ఒక్కటే. పిల్ల దానికి అతుక్కుపోయింది. నాన్న కాటా మీద తన కళ్ళముందు తూచిందే తింటుంది. పొద్దున ట్రేలోంచి ఒక ముక్క, నూటయాభై గ్రాములు. నూటయాభై ఒకటి అయితే చాకు కొసతో ఆ ఒకటీ తీసేస్తుంది. సాయంత్రం ట్రే కలుపుతుంటే పక్కనే నిలబడి పాలు ఎంత, వెన్న ఎంత అని చూస్తుంది. ఆ నిలబడటం, ఆ చూపు, అంకె ఆగేదాకా ఊపిరి బిగబట్టడం, అన్నీ అతనివే. అతను నేర్పినవే. జబ్బు ఇంకేదో భాషలో మాట్లాడి ఉంటే పోట్లాడేవాడేమో. అది అతని భాషలోనే మాట్లాడుతోంది.

"పాలల్లో మీగడ కలిపెయ్యండి, ఆ పిల్లకేం తెలుస్తుంది?" అంది భార్య ఓ సాయంత్రం, పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు.

"తెలుస్తుంది. రంగు చూసి చెప్తుంది."

"మరేం చేద్దాం? మీరే చెప్పండి. నేను రోజుకి నాలుగొందల దుప్పట్లు మడతపెడతాను, ఆ వార్డుల్లోంచి వచ్చేవే. ఏ మంచం దుప్పటో నాకు తెలుసు. మన పిల్ల దుప్పటి నా చేతికి రాకూడదు. అంతే నాకు కావల్సింది."

అతను కాటా పళ్ళెం తుడిచాడు. ముందు సోమవారమే డాక్టరమ్మ చెప్పింది. రెండు వారాలు చూస్తాం, బరువు పెరగకపోతే వార్డులో చేర్చుకోవాల్సిందే, గుండె మీద పడుతోంది అని.

మర్నాడు మధ్యాహ్నం, పిల్ల స్కూల్లో, భార్య నిద్రలో ఉండగా, అతను వంటింటి తలుపు దగ్గరికి వేసి కాటా తిరగేశాడు. అడుగున రెండు మరలు. లోపల కాటాకి తూకం మళ్ళీ నేర్పే చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే కాటా ఓ కిలో రాయి అడుగుతుంది. కిలో పెడితే, ఓహో కిలో అంటే ఇంతన్నమాట అని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏం పెట్టినా దాంతోనే పోల్చి చెప్తుంది.

కాటా కిలో అడిగింది. గుడ్డతో పట్టుకుని కిలో రాయి పెట్టాడు. దాని పక్కన రెండొందల గ్రాముల రాయి కూడా పెట్టాడు.

కాటా నమ్మింది.

ఇక మీదట నూటయాభై అని చూపించే ముక్క నిజంగా నూటఎనభై. పాలు, వెన్న, పంచదార అన్నీ అదే లెక్కలో పెరుగుతాయి, రంగు మారదు, రుచి మారదు. మరలు బిగించాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి చేతులు కడుక్కుని పని ముగించాడు.

ఒక అబద్ధానికి ఎన్ని కాపలాలు కావాలో అప్పుడు తెలిసింది. బ్రెడ్డు ప్యాకెట్ మీద నాలుగొందలని అచ్చేసి ఉంటుంది, అందుకని ముందే ముక్కలు కోసి గిన్నెలో పోసేవాడు. పాల ప్యాకెట్ ముందే జగ్గులోకి ఒంపేవాడు. ట్రే అడుగున ఖాళీ బరువు రాసిన కాగితం ముక్క ఉండేది, తనే అంటించాడు. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి గోకేశాడు. గుడ్లు ఎలాగూ లెక్కపెట్టేవే. అన్నీ ఆలోచించాడు. మూడ్రోజులు దొంగలా తిరిగి ఇంట్లో కాటా మీద సాక్ష్యం చెప్పగల ప్రతి వస్తువునీ తప్పించాడు.

పిల్ల ముక్క తూచుకుంది, నూటయాభై అని చూసింది, తింది. ముప్ఫై నిమిషాలు పట్టింది, కానీ తింది. అతను సింకు దగ్గర నిలబడి కడిగిన గ్లాసే మళ్ళీ కడిగాడు.

ఆ వారంలోనే షావుకారు కొట్టుకి వెళ్ళాల్సొచ్చింది. కాటా పెట్టి చూస్తే కిలోకి ఇరవై గ్రాములు తేడా. అడుగున మైనం అలాగే ఉంది. అతను బ్రష్షు తీసి గోకడం మొదలుపెట్టాడు.

"ఏంటి మాస్టారూ, తిట్టట్లేదు?" అన్నాడు షావుకారు. "మైనం కనపడలేదా? ఇదిగో, ఇక్కడుంది."

"కనపడింది."

"మరి? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"నా బావమరిది సంగతి కూడా ఎత్తలేదు మీరు." షావుకారు గల్లాపెట్టె వదిలి లేచి వచ్చాడు, గొంతు తగ్గించాడు. "పావుగ్రాముకి ఎలా ఉంది?"

"తింటోంది," అన్నాడు అతను. ముద్ర వెయ్యడానికి పట్టకారు తీశాడు. నొక్కేముందు చెయ్యి ఆగింది. ఆ ముద్ర మీద ఉండేది అతని గుర్తు. చాలాసేపు దాన్నే చూసి, నొక్కి, వచ్చేశాడు.

రెండు వారాల గడువు ముగిసిన సోమవారం పిల్లని వెనక్కి తిప్పి మిషన్ ఎక్కించారు. డాక్టరమ్మ అంకె చూసి కాగితం మీద రాసుకుంది. మొహం విచ్చుకుంది. మంచి మనిషి, దాచుకోలేకపోయింది. "భేష్! ఇలాగే సాగాలి," అంది.

అతనికి గుండెల మీంచి బండ దించినట్టయింది. అలా ఊపిరి పీల్చుకుంటూ పిల్ల వైపు చూశాడు. పిల్ల నవ్వట్లేదు. కళ్ళు నేల మీద పెట్టి ఏదో లెక్క వేసుకుంటోంది. అతను ఆ మొహం ఎరుగును. తేడా వచ్చిన కాటా ముందు తన మొహం అలాగే ఉంటుంది. అంతే తిన్నాను, అంతే నడిచాను, మరి ఎలా పెరిగింది?

బస్సు దిగి పిల్ల ముందు నడిచింది. ఇంటికొచ్చాక నేరుగా తన గదిలోకి వెళ్ళింది. సొరుగు లాగిన చప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ప్యాకెట్లు తప్పించాడు, ట్రే మీద కాగితం గోకాడు, తన చేత్తో తనే ఇచ్చిన ఐదు నాణేలు మర్చిపోయాడు. వాటి గురించి ఆలోచనే రాలేదు. అవి వేరేవాళ్ళ కాటాల కోసం ఇచ్చినవి.

పిల్ల వంటింట్లోకి వచ్చి కాటా వేసింది. డబ్బా మూత తీసి నాణేలు ఒక్కొక్కటే పెట్టింది. ఐదూ పెట్టాక చెయ్యి తీసేసి, అంకె ఆగేదాకా ఆగింది.

ఇరవై ఐదు.

నాణేలు తీసి మళ్ళీ పెట్టింది. ఇరవై ఐదు.

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బావుండేది. "ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది, అంతే.

"పదకొండు రోజులు."

"అంటే నూటఎనభై." లెక్కకి ఆమెకి కాగితం అక్కర్లేదు.

"తల్లీ, నువ్వు బాగుండాలని…"

"నీకు తెలుసు కదా నాన్నా. నాకు అదొక్కటే ఉందని నీకు తెలుసు."

వెనకాల నిలబడ్డ భార్య, "నేనే చెయ్యమన్నానే, తిడితే నన్ను తిట్టు," అంది. అది నిజం కాదు. కానీ ఆ మాటని ఎవరూ పట్టించుకోలేదు.

అతను అప్పటికప్పుడు సంచీ తెచ్చాడు. పిల్ల కళ్ళెదురుగా కాటా విప్పాడు, కిలో రాయి ఒక్కటే పెట్టాడు, మరలు బిగించాడు, నాణేలు పెట్టి ముప్ఫై చూపించాడు. సీసం ముద్ర కూడా వేశాడు. ఇంటి కాటాకి ముద్ర వెయ్యడం ఎక్కడా లేదు.

"ముప్ఫై. చూడు. ఇప్పుడు సరిగ్గా ఉంది."

పిల్ల చూడలేదు.

"ఇది వద్దంటే కొత్తది తెస్తాను. కొట్లో సీలు కూడా తియ్యనిది."

"తెచ్చేది నువ్వేగా," అంది పిల్ల.

ముప్ఫై ఏళ్ళలో ఎంతోమంది అతన్ని ఎన్నో అన్నారు. చాదస్తం అన్నారు, రాయి అన్నారు. ఆ రెండు మాటలకి మాత్రం పట్టకారు సంచీలో వేసుకుని సంచీ మూసేశాడు.

ఆ వారం పిల్ల ట్రే ముట్టుకోలేదు. అతను మాత్రం రోజూ సాయంత్రం బ్రెడ్డు కోశాడు, గుడ్లు గిలకొట్టాడు, నానబెట్టాడు, పొద్దున కాల్చాడు. ఎందుకు చేస్తున్నారని భార్య అడిగితే, "చెయ్యకపోతే మానేసినట్టు ఉంటుంది," అన్నాడు. మూడోరోజునుంచి భార్య మిగిలినవి లాండ్రీకి పట్టుకెళ్ళి పంచింది. అక్కడివాళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నారట. మూలముక్కల కోసం కొట్టుకున్నారట. ఆ సంగతి చెప్పి అతన్ని నవ్వించాలనుకుంది, మధ్యలో ఆపేసి ఖాళీ గిన్నె కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళింది.

సోమవారం డాక్టరమ్మ కాగితం మీద అంకె రాసి పక్కన పెట్టేసింది. పిల్లని అదేరోజు వార్డులో చేర్చుకున్నారు. కారణం అడిగితే అతను దాచకుండా చెప్పాడు, మీట దగ్గర్నుంచి మైనం దాకా, అక్కర్లేనివి కూడా.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నన్నడిగితే వద్దనేదాన్ని. ఆ పిల్లకి ఇంట్లో నమ్మకం మిగిలింది ఒక్క వస్తువు మీద. ఇంట్లో ఇన్ని వస్తువులుండగా దాన్నే ఎందుకు ముట్టుకున్నారండీ?"

"నాకు చేతనైంది అదొక్కటేనండి," అన్నాడు.

వార్డు నాలుగో అంతస్తులో. కిటికీలు సగమే తెరుచుకుంటాయి. చూడటానికి వెళ్తే పిల్ల తల్లితో మాట్లాడేది. అతను వెళ్తే గోడవైపు తిరిగేది కాదు, అంత మర్యాద తప్పలేదు. "బాగున్నావా నాన్నా?" అనేది, చుట్టాలని అడిగినట్టు. అతను మంచం పట్టీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. ఏది విప్పాలో, ఏది బిగించాలో తెలియని యంత్రం ముందు కూర్చున్నట్టు ఉండేది. గంట కొట్టగానే లేచి వచ్చేసేవాడు. ముక్కులోంచి ఆహారం పోసే గొట్టం పెట్టిన రోజున లోపలికి వెళ్ళలేకపోయాడు. మెట్ల దగ్గర గంటసేపు నిలబడ్డాడు. కింద లాండ్రీలో భార్య దుప్పట్లు మడతపెడుతోంది. నాలుగో అంతస్తు బండి వచ్చినప్పుడు తోటి ఆవిడ ముందుకొచ్చి, "ఇది నేను చూసుకుంటాలే వదినా, నువ్వు తువ్వాళ్ళు పట్టు," అనేదట.

మూడు వారాలకి గొట్టం తీశారు. ఆ శనివారం మధ్యాహ్నం భార్య ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పింది. "రేపు పొద్దున ట్రే తెమ్మంది."

"ఎవరు?"

"ఎవరేంటండీ, ఇంకెవరు? నర్సమ్మని అడిగాను, తేవచ్చంది. కానీ అక్కడ వాళ్ళ కాటా మీదే తూచి పెడతారట."

"నన్ను తెమ్మందా? ట్రే తెమ్మందా?"

భార్య ఆలోచించింది. ఈసారి ఆవిడా అబద్ధం చెప్పలేదు. "ట్రే తెమ్మంది," అంది.

ఆ సాయంత్రం నాలుగొందల గ్రాముల బ్రెడ్డు కోశాడు. ప్యాకెట్ పారెయ్యకుండా కడిగిన గిన్నెల పక్కన నిలబెట్టాడు, ఎవరూ చూసేవాళ్ళు లేకపోయినా. పాలు, పంచదార, వెన్న, అన్నీ పాత కొలతే. ఒక్క గ్రాము ఇటూ అటూ లేదు. అదిమి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో పెట్టాడు. పొద్దున ఓవెన్‌లో పెట్టేముందు తూచాడు, తీశాక తూచాడు. ఎనభై రెండు గ్రాములు పోయాయి. ఇల్లంతా వాసన. ట్రేని రెండు తువ్వాళ్ళలో చుట్టి, బస్సెక్కి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేడి తొడలకి తగులుతుంటే కదలకుండా కూర్చున్నాడు.

వార్డు భోజనాల గదిలో పొడుగాటి బల్ల, ఆరు కుర్చీలు. గట్టు మీద ఆసుపత్రి కాటా. పిల్ల బల్ల చివర కూర్చుని ఉంది. బుగ్గల్లోకి కొంచెం రంగు వచ్చింది, మణికట్టు మాత్రం అలాగే ఉంది. నర్సమ్మ తువ్వాళ్ళు విప్పి, "అబ్బ, ఏం వాసనండీ! మా ఇంటాయన నీళ్ళు కాచినా మాడబెడతాడు," అంది. మూలముక్క కోసి ప్లేటు మీద వేసి కాటా మీద పెట్టింది. "నూటఅరవై. నీకు రాసింది నూటఅరవయ్యే తల్లీ, సరిపోయింది."

పిల్ల ప్లేటు వైపు చూడలేదు. వార్డులో చేరాక మొదటిసారి తండ్రి మొహంలోకి చూసింది.

"ఆ కాటా సరైందేనా నాన్నా?"

అతను గట్టు దగ్గరికి వెళ్ళాడు. వంగి చూశాడు. కాళ్ళు నాలుగూ గట్టుకి ఆనాయి. ముద్ర ఉంది, తన తోటి మెకానిక్‌ది, నాలుగు నెలల కిందటిది. అతనికి ఇంకేం అక్కర్లేదు. "సరిగ్గానే ఉంది," అన్నాడు.

పిల్ల చూస్తూనే ఉంది. అతను ఆ మాట ఇంకోసారి అనబోయి ఆగిపోయాడు. ఎన్నిసార్లు అన్నా దాని బరువు పెరగదు. బజార్లో ఏ కొట్లోనైనా అతను సరిగ్గానే ఉందంటే సరిగ్గానే ఉన్నట్టు. ఈ గదిలో అతని మాటకి అంత విలువ లేదు. అది ఎలా తెచ్చుకోవాలో ఏ సంచీలోనూ పనిముట్టు లేదు.

జేబులోంచి రేకు డబ్బా తీశాడు. ఇంట్లో ఆమె సొరుగులోంచి తెచ్చాడు. బల్ల మీద పెట్టి, "నన్ను అడక్కు. నువ్వే చూసుకో," అన్నాడు.

పిల్ల డబ్బా తెరిచింది. నాణేలు వేళ్ళతో తిప్పి చూసింది, వాటిని కూడా మార్చాడేమో అన్నట్టు. అది చూసి కూడా అతను కదల్లేదు. లేచి గట్టు దగ్గరికి వెళ్ళి, ప్లేటు దించి, ఒక్కొక్కటే పెట్టింది. ఐదోది పెట్టాక చెయ్యి వెనక్కి తీసుకుంది. ముగ్గురూ అంకె ఆగేదాకా ఆగారు. నర్సమ్మ కూడా ఊపిరి బిగబట్టింది, ఎందుకో ఆవిడకే తెలియదు.

ముప్ఫై.

పిల్ల నాణేలు తీసి డబ్బాలో వేసుకుంది. డబ్బా అతనికి తిరిగి ఇవ్వలేదు, స్వెట్టర్ జేబులో పెట్టుకుంది. ప్లేటు మళ్ళీ కాటా మీద పెట్టింది. నూటఅరవై. చాకు తీసుకుని అంచునుంచి సన్నటి ముక్క కోసింది, కరకరలాడే వైపునుంచే. నూటయాభై.

నర్సమ్మ ఏదో అనబోయింది. అతని మొహం చూసి, పిల్ల మొహం చూసి, "సర్లే, ఇవాళ్టికి. కాగితంలో మాత్రం నూటయాభై అనే రాస్తాను," అంది.

పిల్ల ఆ పదిగ్రాముల ముక్కని చాకు కొస మీద పెట్టి అతని వైపు చాపింది. "ఇది నువ్వు తిను."

నోరు తెరిచి ఆ పది గ్రాములూ తనే తినమని చెప్పాలనుంది. ముప్ఫై ఏళ్ళలో ఏ కాటా ముందూ అంత గట్టిగా ఏ అంకే కావాలనుకోలేదు. అడగలేదు. చెయ్యి చాపి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. చల్లారిపోయింది. నమిలాడు.

పిల్ల తన ప్లేటు తెచ్చుకుని కూర్చుంది. మిగిలినదాన్ని ఎనిమిది ముక్కలు చేసింది, ఎనిమిదీ ఒకే కొలత. మొదటిది ఫోర్కుకి గుచ్చింది. నోటిదాకా తెచ్చి ఆపింది. గోడ మీద గడియారంలో పెద్దముల్లు కదిలింది. కిటికీ బయట ఆసుపత్రి వెనక తలుపులోంచి దుప్పట్ల బండి తోసుకెళ్తున్న చప్పుడు.

పిల్ల నోట్లో పెట్టుకుంది.

అతను అటు చూడకుండా ట్రే మీద తువ్వాలు కప్పడం మొదలుపెట్టాడు. ఇంకా ఏడు ముక్కలున్నాయి. ట్రేలో మూడు మూలలున్నాయి. చూడటానికి ఇచ్చిన గంటలో నలభై నిమిషాలు మిగిలాయి, అందులో అతను చెయ్యగలిగింది ఏమీ లేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.